దాదా వదిలివెళ్లిన పాత ఇంజన్ ఏ బండిదో తేల్చుకోవడం ఎలా? తూకానికి అమ్మే ముందు ఇవి చూడండి

పాత ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు చాలా కుటుంబాలకు ఎదురయ్యే సంగతే ఇది. దాదా పోయి ఏళ్లవుతుంది. వెనక రేకుల షెడ్డులో విరిగిన మంచం కోళ్లు, తుప్పు పట్టిన ట్రంకు పెట్టె, వాటి కింద గోనె పట్టాలో చుట్టిన ఒక ఇంజన్ బయటపడుతుంది. బండి లేదు, కాగితాలు లేవు. అది దేనిదో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. చాచా బుల్లెట్ అంటారు. ఫుప్పూ మాత్రం, కాదు, మిలిటరీ వాళ్ల దగ్గర కొన్న ఇంగ్లీషు బండి అంటారు. ఈలోగా కబాడీ అతను తక్కెడ తీసుకుని గుమ్మం ముందు నిలబడతాడు. అతనికి అది ఇనుము, అల్యూమినియం, అంతే. కిలో లెక్కన రేటు చెబుతాడు.

ఇక్కడే తొందరపడకూడదు. లోహం రేటుకూ, సరైన పేరుతో అమ్మే ఇంజన్ రేటుకూ చాలా తేడా ఉంటుంది. పాత బండ్లను మళ్లీ నిలబెట్టేవాళ్లు సరైన మోడల్ ఇంజన్ కోసం ఏళ్ల తరబడి వెతుకుతుంటారు. అలాగని తుప్పు పట్టిన ప్రతి ఇంజనూ ఖజానా కాదు. మామూలు ఇంజన్‌ను అరుదైనదని నమ్మించి అంటగట్టేవాళ్లూ ఉన్నారు. అమ్మేవాళ్లయినా కొనేవాళ్లయినా మోసపోకూడదంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు కావాలి. అసలు ఇది ఏ ఇంజన్?

ఈ జవాబు కోసం పెద్ద చదువులు అక్కర్లేదు. మంచి వెలుతురు, కొంచెం కిరోసిన్, ఒక వెర్నియర్ స్కేలు, ఒక నోట్‌బుక్, కాస్త ఓపిక ఉంటే చాలావరకు ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

మొదటి పని: ఆధారం చెడగొట్టకుండా శుభ్రం చేయడం

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఇంజన్ కనిపించగానే గ్రైండర్‌కు వైర్ బ్రష్ తగిలించి మెరిసేలా రుద్దేస్తారు. పాత ఇంజన్ల మీద నంబర్లను చేత్తో పంచ్ కొట్టేవారు, అందులో కొన్ని పైపైనే పడి ఉంటాయి. గట్టిగా రుద్దితే ఆ గీతలు అరిగిపోతాయి. పైగా నంబర్ చుట్టూ గ్రైండింగ్ గుర్తులు కనిపిస్తే, రేపు కొనేవాడికైనా పోలీసుకైనా ‘నంబర్ మార్చారేమో’ అన్న అనుమానం వస్తుంది. దాదా నిజాయితీగా కొన్న వస్తువు మీద లేనిపోని మచ్చ పడుతుంది.

కాబట్టి గ్రైండర్ వద్దు, యాసిడ్ వద్దు. కిరోసిన్‌లో గుడ్డ ముంచి ఒక రాత్రి నాననివ్వాలి. తెల్లారి పాత టూత్ బ్రష్‌తోనో, మెత్తటి ఇత్తడి బ్రష్‌తోనో మెల్లగా తుడవాలి. తర్వాత చీకటి గదిలో టార్చిని పక్క నుంచి ఏటవాలుగా పట్టి ఫోన్‌తో ఫొటోలు తీయాలి. ఎదురుగా వెలుగు వేస్తే కనిపించని అక్షరాలు పక్క వెలుగులో నీడలుగా బయటపడతాయి. సుద్దముక్క పొడి మెల్లగా రాసినా లోతున్న చోట తెల్లగా నిలిచి నంబర్ చదవడానికి వీలవుతుంది.

ఇంకో మాట. ఏళ్ల తరబడి కదలని ఇంజన్‌ను బలవంతంగా కిక్ కొట్టకూడదు. పిస్టన్ పట్టేసి ఉంటే ఏదో ఒకటి విరుగుతుంది. ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో కొంచెం ఆయిల్ పోసి, కొన్ని రోజులు వదిలేయడం మేలు. పాత గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గీకి దుమ్ము లేపితే ఊపిరితిత్తులకు ప్రమాదం. పిల్లలను దూరంగా ఉంచాలి.

ఇది నిజంగా మోటార్ సైకిల్ ఇంజనేనా?

ఈ ప్రశ్న వింతగా ఉన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఒకప్పుడు చిన్న పెట్రోల్ ఇంజన్లు బండ్లకే కాదు, నీటి పంపులకు, జనరేటర్లకు, కాంక్రీట్ కలిపే యంత్రాలకు కూడా వాడేవారు. ఇంగ్లండ్‌లోని విలియర్స్, జాప్ లాంటి కంపెనీలు రెండు రకాలూ చేశాయి. పేరు ఒకటే అయినా పని వేరు.

గుర్తు పట్టడం కష్టం కాదు. తాడు చుట్టి లాగే కప్పీ ఉండి, వేగాన్ని అదుపులో పెట్టే గవర్నర్ ఉండి, గేర్లు లేకపోతే అది పంపు ఇంజన్ కావడానికే అవకాశం ఎక్కువ. చుట్టూ రేకు తొడుగు, లోపల గాలి కొట్టే ఫ్యాన్ ఉంటే స్కూటర్‌దో ఆటోదో కావచ్చు. సిలిండర్ చుట్టూ బయటికి కనిపించే ఫిన్లు, చైన్ తిరిగే స్ప్రాకెట్, ఫ్రేముకు బిగించే చెవులు ఉంటే మోటార్ సైకిల్ వైపు నడవొచ్చు.

తర్వాత గేర్ బాక్స్ చూడాలి. ఇంజన్, గేర్ బాక్స్ ఒకే పెట్టెలో కలిసి ఉన్నాయా, లేక గేర్ బాక్స్ వేరుగా ఉండి మధ్యలో చైన్‌తో కలుస్తుందా? రెండో ప్రపంచ యుద్ధం నాటి ఇంగ్లీషు బండ్లలో చాలావాటికి గేర్ బాక్స్ వేరే. జావా, రాజ్‌దూత్ లాంటి వాటిలో రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. బుల్లెట్ ఈ రెండింటికీ మధ్య రకం. దాని గేర్ బాక్స్ వేరే పెట్టె అయినా, ఇంజన్ వెనక భాగానికి నేరుగా బోల్టులతో బిగించి ఉంటుంది.

టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా?

వాల్వులు లేకపోతే టూ స్ట్రోక్, ఉంటే ఫోర్ స్ట్రోక్. బయటి నుంచే తెలుస్తుంది. టూ స్ట్రోక్ ఇంజన్ పై భాగం సాదాగా ఉంటుంది. హెడ్ ఒక ఫిన్ల మూతలా కనిపిస్తుంది. సైలెన్సర్ పైపు సిలిండర్‌కే తగులుకుంటుంది.

ఫోర్ స్ట్రోక్‌లో మూడు రకాలను విడదీయాలి. మొదటిది సైడ్ వాల్వ్. ఇందులో వాల్వులు సిలిండర్ పక్కన, కింద నుంచి పైకి నిలబడి ఉంటాయి. హెడ్ చదునైన మూతలా ఉంటుంది కాబట్టి దూరం నుంచి టూ స్ట్రోక్ అని పొరబడతారు. అయితే సిలిండర్ పక్కన వాల్వు స్ప్రింగుల కోసం ఒక గది, దానికో మూత కనిపిస్తాయి. రెండోది ఓవర్‌హెడ్ వాల్వ్. కింద నుంచి హెడ్ దాకా పుష్ రాడ్లు పోయే గొట్టాలో, సిలిండర్‌లోనే పోసిన దారో ఉంటుంది. హెడ్ మీద రాకర్ల పెట్టె ఉంటుంది. బుల్లెట్ ఈ రకం. మూడోది ఓవర్‌హెడ్ క్యామ్. ఇందులో క్యామ్ హెడ్‌లోనే తిరుగుతుంది. పాత ఇంగ్లీషు బండ్లలో ఇది ఎక్కువగా రేసు మోడళ్లలో కనిపించేది.

ఈ ఒక్క అడుగుతోనే ఊహల్లో సగం రాలిపోతాయి. ఉదాహరణకు చాచా బుల్లెట్ అన్న ఇంజన్ సైడ్ వాల్వ్ అని తేలిందనుకుందాం. అంటే అది బుల్లెట్ కాదు. ఎందుకంటే మన దేశంలో తిరిగిన పాత పెట్రోల్ బుల్లెట్లన్నీ ఓవర్‌హెడ్ వాల్వ్‌వే.

ఉబ్బెత్తు నంబర్ వేరు, పంచ్ నంబర్ వేరు

ఇంజన్ మీద ఏదో ఒక నంబర్ కనిపించగానే ఇదే ఇంజన్ నంబర్ అనుకుని ఫోన్లో వెతకడం మొదలుపెడతారు. ఏదీ దొరకదు. కారణం, అది ఇంజన్ నంబర్ కాకపోవడమే.

పైకి ఉబ్బెత్తుగా ఉండే నంబర్ అచ్చులోనే పోసినది. అది ఆ భాగానిది. అదే అచ్చులో పోసిన వేల భాగాల మీద అదే నంబర్ ఉంటుంది. లోపలికి గుచ్చినట్టు ఉండేది పంచ్ నంబర్. అది ఆ ఒక్క ఇంజన్‌కే సొంతం. దుకాణం లెక్కల్లో చెప్పాలంటే మొదటిది సరుకు కోడ్, రెండోది బిల్లు నంబర్. రెండూ పనికొచ్చేవే, కాకపోతే పని వేరు. అచ్చు నంబర్ మోడల్ కుటుంబాన్ని చెబుతుంది. పంచ్ నంబర్ ఏడాదిని, ఒక్కోసారి కచ్చితమైన మోడల్‌ను చెబుతుంది.

ఇంగ్లీషు ఇంజన్లలో చాలావాటికి పంచ్ నంబర్ ఎడమ వైపు, సిలిండర్ కూర్చునే చోటుకు కొంచెం కింద ఉంటుంది. అక్కడ లేకపోతే క్రాంక్ కేసు రెండు చెక్కలు కలిసే అంచు చుట్టూ వెతకాలి. క్రాంక్ కేసు రెండు చెక్కల మీదా ఒకే జత గుర్తులు ఉన్నాయేమో కూడా చూడాలి. రెండు వేర్వేరు ఇంజన్ల చెక్కలను కలిపి ఒకటిగా చేసిన సందర్భాలున్నాయి.

కంపెనీల లెక్క ఎలా ఉంటుంది?

నంబర్ ముందుండే అక్షరాలను ఒక్కో కంపెనీ ఒక్కోలా వాడింది.

బీఎస్ఏ ఇంజన్ మీద మూడు తుపాకులను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన గుర్తు కనిపించవచ్చు. ఆ పేరుకు అర్థం బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. తుపాకులు చేసిన కంపెనీ కాబట్టి ఆ గుర్తు. యుద్ధం తర్వాతి బీఎస్ఏ ఇంజన్లలో ముందు అక్షరాల్లోనే మోడల్ పేరు ఉంటుంది. జెడ్‌బీ31 అని ఉంటే అది బీ31 మోడల్, అంటే 350 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్. డబ్ల్యూఎం20 అని ఉంటే యుద్ధకాలంలో సైన్యం కోసం చేసిన ఎం20, 500 సీసీ తరగతి సైడ్ వాల్వ్.

మ్యాచ్‌లెస్, ఏజేఎస్ రెండూ ఒకే యజమాని కింద లండన్‌లోని ప్లంస్టెడ్‌లో తయారయ్యాయి. యుద్ధం తర్వాత వాటి నంబర్‌లో ముందు ఏడాది, గీత, ఆ తర్వాత మోడల్ ఉంటాయి. 49 అని ఉండి, గీత తర్వాత జీ80 ఉంటే 1949 నాటి జీ80 మోడల్. ఈ రెండు కవల ఇంజన్లను నంబర్ లేకుండా విడదీయడానికి కూడా ఒక గుర్తుంది. 1950ల ఆరంభం దాకా ఏజేఎస్ సింగిల్ సిలిండర్ ఇంజన్లలో మాగ్నెటో సిలిండర్‌కు ముందు ఉండేది, మ్యాచ్‌లెస్‌లో వెనక ఉండేది.

ట్రయంఫ్ 1969 నుంచి రెండక్షరాల కోడ్ మొదలుపెట్టింది. మొదటి అక్షరం నెల, రెండోది మోడల్ సంవత్సరం. సీ అంటే 1969, డీ అంటే 1970, ఈ అంటే 1971. ఎఫ్ వాడలేదు కాబట్టి జీ అంటే 1972. ఆ తర్వాత టీ120 లాంటి మోడల్ పేరు వస్తుంది.

జాప్ ఇంజన్ల లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. 1920 నుంచి 1929 దాకా ఏడాదికో అక్షరం చొప్పున న్యూమాటిక్స్ అనే ఇంగ్లీషు మాటలోని పది అక్షరాలను వరుసగా వాడారు. పీ అంటే 1920, ఎన్ అంటే 1921, ఈ అంటే 1922, యూ అంటే 1923, అలా చివరి ఎస్ 1929.

కాబట్టి నంబర్ రాసుకునేటప్పుడు అంకెలు మాత్రమే రాసుకుని అక్షరాలు వదిలేస్తే పని చెడుతుంది. అక్షరం, గీత, చుక్క, మధ్యలో ఉన్న ఖాళీ అన్నీ ఉన్నది ఉన్నట్టే రాయాలి. ఐ అక్షరమా ఒకటి అంకెనా, ఓ అక్షరమా సున్నానా అన్న అనుమానం వస్తే రెండు రకాలుగానూ రాసిపెట్టుకోవాలి.

స్ట్రోక్ మారదు, బోరు మారుతుంది

నంబర్ చదవడానికి వీల్లేకుండా పోతే? అప్పుడు కొలతలే సాక్ష్యం.

సిలిండర్ లోపలి వెడల్పును బోరు అంటారు. పిస్టన్ కింద నుంచి పైకి నడిచే దూరం స్ట్రోక్. బోరును బోరుతో గుణించి, దాన్ని 0.7854తో, ఆ తర్వాత స్ట్రోక్‌తో, చివరికి సిలిండర్ల సంఖ్యతో గుణిస్తే ఇంజన్ సామర్థ్యం వస్తుంది. కొలతలు సెంటీమీటర్లలో తీసుకుంటే జవాబు సీసీల్లో వస్తుంది. బుల్లెట్ 350 బోరు 70 మి.మీ., స్ట్రోక్ 90 మి.మీ. అంటే 7 × 7 × 0.7854 × 9 = సుమారు 346 సీసీ. కాగితం మీద 350 అని పిలిచేది నిజానికి 346.

సీసీ ఒక్కటే తెలిస్తే మాత్రం ఏమీ తేలదు. బుల్లెట్ 346 సీసీ, మ్యాచ్‌లెస్ జీ3ఎల్ 347, రాజ్‌దూత్ 350 కూడా 347, బీఎస్ఏ బీ31 348. నాలుగూ 350లే. కానీ బోరు, స్ట్రోక్ విడివిడిగా చూస్తే దేనిదారి దానిదే.

బుల్లెట్ 350: బోరు 70, స్ట్రోక్ 90 మి.మీ.
బుల్లెట్ 500: బోరు 84, స్ట్రోక్ 90 మి.మీ.
బీఎస్ఏ బీ31: బోరు 71, స్ట్రోక్ 88 మి.మీ.
బీఎస్ఏ బీ33: బోరు 85, స్ట్రోక్ 88 మి.మీ.
బీఎస్ఏ ఎం20: బోరు 82, స్ట్రోక్ 94 మి.మీ.
మ్యాచ్‌లెస్ జీ3ఎల్: బోరు 69, స్ట్రోక్ 93 మి.మీ.
నార్టన్ 16హెచ్: బోరు 79, స్ట్రోక్ 100 మి.మీ.
జావా 250: బోరు 65, స్ట్రోక్ 75 మి.మీ.
రాజ్‌దూత్ 350: బోరు 64, స్ట్రోక్ 54 మి.మీ., రెండు సిలిండర్లు.

ఈ పట్టికలో ఒక విషయం గమనించాలి. బుల్లెట్ 350కి, 500కి స్ట్రోక్ ఒకటే. బీ31కి, బీ33కి కూడా అంతే. అంటే స్ట్రోక్ ఇంటిపేరు లాంటిది, బోరు ఆ ఇంట్లో మనిషిని చెబుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. ఇంజన్ అరిగినప్పుడు మెకానిక్‌లు సిలిండర్‌ను బోరు కొట్టించి, కొంచెం పెద్ద పిస్టన్ వేస్తారు. మామూలుగా ఒక్కోసారికి అర మిల్లీమీటరు దాకా పెరుగుతుంది. అందుకని పాత ఇంజన్ బోరు పుస్తకంలో ఉన్నదానికంటే కొంచెం ఎక్కువే కనిపిస్తుంది. స్ట్రోక్ మాత్రం క్రాంక్ మీద ఆధారపడింది కాబట్టి ఎన్ని సార్లు బోరు కొట్టించినా మారదు. రెండు కొలతల్లో ముందు స్ట్రోక్‌ను నమ్మాలి.

హెడ్ విప్పకుండానే స్ట్రోక్ ఉజ్జాయింపుగా కొలవొచ్చు. ప్లగ్ రంధ్రం నిటారుగా ఉంటే, అందులో సన్నని చెక్క పుల్ల పెట్టి ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పాలి. పుల్ల బాగా పైకి వచ్చినప్పుడు ఒక గీత, బాగా కిందికి దిగినప్పుడు ఒక గీత గీస్తే, మధ్య దూరమే స్ట్రోక్. రంధ్రం ఏటవాలుగా ఉంటే ఈ లెక్క తప్పుతుంది. అప్పుడు హెడ్ విప్పించాల్సిందే. ఇనుప పుల్ల మాత్రం వాడకూడదు, పిస్టన్ మీద గాట్లు పడతాయి.

ఇప్పుడు ఆ షెడ్డులోని ఇంజన్ దగ్గరికే వద్దాం. సైడ్ వాల్వ్ అని తేలింది. స్ట్రోక్ 94, బోరు 82.5 మి.మీ. వచ్చాయనుకుందాం. లెక్క కడితే 502 సీసీ దాటుతుంది. ఆ కొలతతో ఏ కంపెనీ పట్టికలోనూ ఇంజన్ కనిపించదు. కానీ ఒకసారి బోరు కొట్టించారని అర మిల్లీమీటరు తీసేస్తే 82, 94. అంటే 496 సీసీ, బీఎస్ఏ ఎం20. దాని మీద తుపాకుల గుర్తు, డబ్ల్యూఎం20 అక్షరాలు కూడా దొరికితే ఇక సందేహం అక్కర్లేదు. యుద్ధకాలంలో ఇలాంటివి సుమారు 1,26,000 తయారయ్యాయి. చాచా మాట తప్పింది, ఫుప్పూ మాట నిలిచింది.

మన దగ్గర ఎక్కువగా బయటపడేవి

ఇంగ్లీషు పేర్లు వినగానే ఆశపడకూడదు. మన ఊళ్లలో పాత షెడ్డుల్లో దొరికే ఇంజన్లలో ఎక్కువ భాగం మన దేశంలో తయారైనవే.

బుల్లెట్: మద్రాస్ మోటార్స్‌తో కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. ఫ్యాక్టరీ మద్రాసు దగ్గర తిరువొత్తియూర్‌లో. ఇంగ్లండ్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ 1970ల ఆరంభానికి మూతపడినా ఇక్కడ బుల్లెట్ ఆగలేదు. గుర్తులు: ఒకే సిలిండర్, కుడివైపు గేరు, కిక్, గేర్ బాక్స్ మీద న్యూట్రల్ వెతికే చిన్న లివర్, విడిగా ఆయిల్ ట్యాంకు లేకుండా ఇంజన్ పెట్టెలోనే ఆయిల్ నిలిచే గది.

జావా, యెజ్డీ: మైసూరులోని ఐడియల్ జావా 1960ల ఆరంభం నుంచి 1996 దాకా తయారు చేసింది. 1970ల నుంచి యెజ్డీ పేరు వచ్చింది. సిలిండర్ ఒకటే, సైలెన్సర్ పైపులు మాత్రం రెండు. కిక్ రాడే గేరు లివర్‌గా కూడా పనిచేస్తుంది. కోడిగుడ్డు ఆకారంలో ఇంజన్ కవర్లు. ఇది చూసిన తర్వాత వేరే గుర్తు అవసరం ఉండదు.

రాజ్‌దూత్: ఎస్కార్ట్స్ కంపెనీ పోలండ్‌కు చెందిన ఎస్‌హెచ్‌ఎల్ ఎం11 బండి ఆధారంగా 175ను చేసింది. పాల క్యాన్లు మోసిన బండి అదే. 1980లలో వచ్చిన రాజ్‌దూత్ 350 మాత్రం పూర్తిగా వేరు. అది యమహా ఆర్‌డీ350 ఆధారంగా చేసిన రెండు సిలిండర్ల టూ స్ట్రోక్. పేరు ఒకటే కదా అని ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. కుర్రకారులో ఇప్పటికీ గిరాకీ ఉన్నది రెండోదానికే.

మిలిటరీ బండ్లు: రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న బండ్లు మన దేశంలోనే సామాన్యుల చేతికొచ్చాయి. ఢిల్లీ చాందినీ చౌక్ వైపు తిరిగిన ఫట్‌ఫటీలు మొదట్లో ఇలాంటి హార్లీ డేవిడ్‌సన్ బండ్లకు వెనక సీట్లు కట్టి చేసినవే. అందుకే ఎం20, నార్టన్ 16హెచ్, మ్యాచ్‌లెస్ జీ3ఎల్ ఇంజన్లు ఇప్పటికీ అక్కడక్కడా తేలుతుంటాయి.

ఇంజన్ పేరు తెలిసినా బండి పేరు తెలియకపోవచ్చు

చాలామంది అయోమయపడే సంగతి ఇది. అప్పట్లో అన్ని కంపెనీలూ సొంత ఇంజన్ చేసుకునేవి కావు. జాప్, విలియర్స్, బ్లాక్‌బర్న్ లాంటి వాళ్ల దగ్గర ఇంజన్ కొని, తమ ఫ్రేములో బిగించి, ట్యాంకు మీద తమ పేరు రాసుకునేవి. పేరుమోసిన బ్రఫ్ సుపీరియర్ కూడా జాప్, మ్యాచ్‌లెస్ ఇంజన్లతో నడిచిందే. ఫ్రాన్సిస్ బార్నెట్, జేమ్స్ బండ్లలో చాలావాటికి విలియర్స్ ఇంజన్. కాబట్టి విలియర్స్ ఇంజన్ దొరికితే ఇంజన్ మోడల్ తేల్చవచ్చు కానీ, అది ఏ బండిలో ఉండేదో ఇంజన్ ఒక్కదాన్ని చూసి చెప్పలేం. ఎవరైనా చెప్పారంటే అది ఊహ.

దీనికి తిరగేసిన సంగతి నకళ్లు. జర్మనీకి చెందిన డీకేడబ్ల్యూ ఆర్‌టీ125 డిజైన్ యుద్ధ పరిహారం కింద గెలిచిన దేశాల చేతికి పోయింది. ఇంగ్లండ్‌లో అది బీఎస్ఏ బ్యాంటమ్ అయింది. అమెరికాలో హార్లీ 125 అయింది. రష్యాలోనూ అదే వచ్చింది. బీఎస్ఏ దాన్ని అద్దంలో బొమ్మలా కుడి ఎడమలు తిప్పి చేయడంతో బ్యాంటమ్‌కు గేరు కుడివైపు వచ్చింది. రూపం ఒకేలా ఉన్న చోట గేరు ఏ పక్కనుందో చూస్తేనే దేశం తేలుతుంది.

చిన్న భాగాలు దారి చూపుతాయి, దారి తప్పిస్తాయి కూడా

కార్బొరేటర్ మీద అమల్ అని ఉంటే ఇంగ్లండ్ వైపు చూపు. జికోవ్ అంటే చెక్ దేశం, బింగ్ అంటే జర్మనీ, డెలోర్టో అంటే ఇటలీ, మికుని అంటే జపాన్. మాగ్నెటో మీద లూకాస్ ఉంటే ఇంగ్లండ్, బాష్ ఉంటే జర్మనీ. నట్టుబోల్టులూ మాట్లాడతాయి. మిల్లీమీటర్ స్పానర్ సరిగ్గా కూర్చోకుండా జారుతుంటే అవి పాత ఇంగ్లీషు కొలతలవి కావచ్చు.

కానీ ఇవన్నీ విప్పి మార్చే భాగాలు. మన మెకానిక్‌లు స్పేరు దొరకనప్పుడు ఏది దొరికితే దాన్ని సర్ది బండి నడిపించారు. ఇంగ్లీషు ఇంజన్ మీద మన దేశపు కార్బొరేటర్ ఉండటం వింతేమీ కాదు. అందుకే బిగించిన భాగాల సాక్ష్యం కంటే క్రాంక్ కేసు ఆకారం, స్ట్రోక్, పంచ్ నంబర్ల సాక్ష్యానికే ఎక్కువ బరువు ఇవ్వాలి. కనీసం మూడు ఆధారాలు ఒకే పేరు చెప్పేదాకా తేలింది అనుకోకూడదు.

చివరి నిర్ధారణకు పాత మెకానిక్‌ల చేతికి మించింది లేదు. 40 ఏళ్లుగా బుల్లెట్లు, జావాలు విప్పిన ఉస్తాద్‌కు క్రాంక్ కేసు తడిమితేనే పేరు తెలిసిపోతుంది. ఏడాది కచ్చితంగా కావాలంటే బ్రిటన్‌లోని వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ దగ్గర కొన్ని కంపెనీల పాత ఫ్యాక్టరీ రికార్డులు భద్రంగా ఉన్నాయి. రుసుము కడితే వెతికి చెబుతారు.

కాగితాలు, చట్టం, వాటాలు

ఇంజన్ నంబర్ తేలాక ఇంట్లో పాత ఆర్‌సీ, ఇన్సూరెన్సు, ట్యాక్సు రసీదుల్లాంటివి ఏవైనా ఉన్నాయేమో వెతకాలి. పాత ఖురాన్ గిలాఫ్ దగ్గర, ఇంటి పత్రాల సంచిలో పెద్దవాళ్లు దాచి ఉండొచ్చు. ఒక్క కాగితం దొరికినా ఇంజన్ విలువ మారుతుంది.

ఇంజన్ నంబర్, ఫ్రేము నంబర్ వేరుగా ఉన్నంత మాత్రాన దొంగబండి అనుకోకూడదు. బీఎస్ఏ లాంటి కంపెనీలు చాలా ఏళ్లు రెండింటికీ వేర్వేరు నంబర్లే కొట్టాయి. చూడాల్సింది అవి ఆర్‌సీలో ఉన్నవేనా అని. అదే నంబర్ గీకేసి ఉన్నా, దాని మీద మళ్లీ కొట్టినట్టు అక్షరాలు వంకరగా ఉన్నా, ఎంత చవకగా ఇచ్చినా కొనకపోవడమే మంచిది. దొంగ సొత్తు అని తెలిసి తీసుకోవడం నేరం. తెలియదని రుజువు చేసుకునే తిప్పలు కొన్నవాడికే.

బండి మొత్తం ఉండి, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటితే, పెద్ద మార్పులు చేయకపోతే, 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల కింద వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చు. కొత్త నమోదుకు ఫీజు 20,000 రూపాయలు. ‘వీఏ’ అక్షరాలున్న ప్రత్యేక నంబర్ ఇస్తారు. అలాంటి బండిని రోజువారీ తిరుగుళ్లకు, వ్యాపారానికి వాడకూడదు. ఇది బండికి వర్తించేది. ఒంటి ఇంజన్‌ను ఎవరూ రిజిస్టర్ చేయరు. కాబట్టి ఇంజన్ మాత్రమే ఉంటే, దాన్ని స్పేరుగానే లెక్కించాలి.

యజమాని చనిపోయాక బండిని వారసుల పేరుకు మార్చుకోవడానికి ఫారం 31 ఉంది. మరణించిన 30 రోజుల్లో రవాణా అధికారికి సమాచారం ఇచ్చి, మూడు నెలల్లో దరఖాస్తు చేయాలి. చాలా ఇళ్లలో దుఃఖంలో ఈ గడువు ఎవరికీ గుర్తుండదు. తర్వాత ఏళ్లు గడిచి, బండి ఎవరిదో చెప్పే కాగితం లేక షెడ్డులో మిగిలిపోతుంది.

ఇక అన్నిటికంటే సున్నితమైన విషయం వాటాలు. మయ్యత్ వదిలివెళ్లిన తర్కాలో ఇల్లూ పొలమే కాదు, షెడ్డులోని ఇంజన్ కూడా ఉంటుంది. అప్పులు తీరాక మిగిలినదాంట్లో కొడుకులతో పాటు కూతుళ్లకూ హక్కు ఉంది. ఇంట్లో ఉన్న ఒక్కరు తుప్పు ఇనుమే కదా అని అమ్మేసి, అది మంచి ధర పలికే ఇంజన్ అని తర్వాత తెలిస్తే, డబ్బు కంటే మాట పట్టింపు పెద్దదవుతుంది. అన్నాచెల్లెళ్ల మధ్య ఏళ్ల తరబడి పలకరింపులు ఆగిపోయేది ఇలాంటి చిన్న వస్తువుల దగ్గరే. ముందు వస్తువు ఏమిటో తేలాలి, తర్వాత విలువ, ఆ తర్వాతే పంపకం.

అమ్మే ముందు ఒక్కసారి

ఇంజన్‌కు నాలుగు పక్కలా, నంబర్‌కు దగ్గరగా ఫొటోలు తీసి ఇంటి గ్రూపులో అందరికీ పంపాలి. బోరు, స్ట్రోక్, నంబర్, అక్షరాలు ఒక కాగితం మీద రాసిపెట్టాలి. కనీసం ఇద్దరు వేర్వేరు మెకానిక్‌లకు, ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పకుండా చూపించాలి. పిస్టన్ పట్టేసిందా, ఫిన్లు విరిగాయా, క్రాంక్ కేసు పగిలిందా అన్నది కొనేవాడికి దాచకుండా చెప్పాలి. అమ్మినప్పుడు నంబర్‌తో సహా రాతపూర్వకంగా రసీదు తీసుకోవాలి, కొనేవాడి గుర్తింపు కార్డు నకలు ఉంచుకోవాలి.

ఇంత చేశాక అది మామూలు ఇంజనే అని తేలితే తేలనివ్వండి. తూకానికే అమ్మినా, ఏం అమ్ముతున్నామో తెలిసి అమ్మినట్టు. దాదా ఏ బండి మీద వెళ్లి పిల్లలకు పండగ బట్టలు తెచ్చేవారో ఇంట్లో అందరికీ తెలిసినట్టు. కబాడీ అతను రేపు కూడా వస్తాడు, వచ్చే వారమూ వస్తాడు. ఒకసారి అతని బండెక్కిన ఇంజన్ మాత్రం తిరిగి రాదు.